గుమ్మం దాకా వచ్చి ఆగిన యుద్ధం: తటస్థ దేశాల నవలల్లో ఏది ముందు చదవాలి?

లిస్బన్‌లో ఒక చిన్న పత్రిక. అందులో సాహిత్యం పేజీ చూసే పెద్దమనిషి పేరు పెరీరా. ఒళ్లు బరువు, గుండెజబ్బు. భార్య పోయింది. ఇంట్లో ఆవిడ ఫొటోతో ఆ రోజు సంగతులు చెప్పుకుంటూ ఉంటాడు. ఆకలేస్తే ఆర్కీడియా అనే కెఫేకి వెళ్లి ఆమ్లెట్టూ, చక్కెర దండిగా వేసిన నిమ్మరసమూ తెప్పించుకుంటాడు. తింటూ తింటూ సర్వర్ మానుయేల్‌ని అడుగుతాడు, లోకంలో విశేషాలేమిటని. పేపర్లో పనిచేసే మనిషి వార్తల కోసం సర్వర్‌ని అడగడమేమిటని నవ్వొస్తుంది. కాసేపటికి ఆ నవ్వు గొంతులోనే ఆగిపోతుంది. అది 1938 ఎండాకాలం. పోర్చుగల్‌లో సలజార్ నియంతృత్వం. పక్క దేశం స్పెయిన్‌లో అంతర్యుద్ధం. పోర్చుగల్ జోక్యం చేసుకోనని కాగితం మీద సంతకం పెట్టి, చాటుగా అక్కడి తిరుగుబాటు సేనాని ఫ్రాంకోకి సాయం చేస్తోంది. పేపర్లో అదేమీ రాదు. మానుయేల్‌కి మాత్రం ఎవరో ఒకరు చెబుతారు.

ఇటలీ రచయిత అంతోనియో తబూకి 1994లో రాసిన 'పెరీరా మెయింటెయిన్స్' సంగతి ఇది. తటస్థ దేశం నవల అంటే ఏమిటని ఎవరైనా అడిగితే నేను ముందు ఈ కెఫే సీనే చెబుతాను.

యుద్ధం నవలలనగానే మనకు గుర్తొచ్చేవి కందకాలు, బాంబులు, చివరి ఉత్తరాలు. తటస్థ దేశంలో బాంబులు దాదాపుగా పడవు. అక్కడ భయమంతా వీసా స్టాంపు మీద, ఓడ టికెట్ మీద, హోటల్ లాబీలో పేపర్ అడ్డం పెట్టుకుని కూర్చున్న మనిషి మీద ఉంటుంది. పక్కింటికి నిప్పంటుకున్నా మనింట్లో పొయ్యి మీద అన్నం ఉడుకుతూనే ఉంటుంది. ఆ అన్నం ఎలా మింగుడుపడిందన్నదే ఈ నవలల అసలు కథ.

ఎంచుకునేటప్పుడు నేను వాడే గీటురాయి ఒకటే. ఆ కథని ఇంకో దేశానికి మారిస్తే కూలిపోవాలి. దేశం తటస్థంగా ఉండటం వల్లే ఆ చిక్కు పుట్టాలి, ఆ తప్పు జరగాలి. అట్ట మీద లిస్బన్ అనో ఇస్తాంబుల్ అనో వేసుకుని లోపల కథంతా వేరే చోట నడిపించే పుస్తకాలు చాలా ఉన్నాయి. ఓసారి నేనే బోల్తాపడ్డాను. అయ్షె కులిన్ రాసిన 'లాస్ట్ ట్రెయిన్ టు ఇస్తాంబుల్' కొన్నది యుద్ధకాలపు ఇస్తాంబుల్ వీధుల్లో తిరుగుదామనే. తీరా చూస్తే కథలో ఎక్కువ భాగం ఫ్రాన్సులోనూ, అక్కడి నుంచి బయల్దేరిన రైల్లోనూ. యూదులను కాపాడటానికి టర్కీ దౌత్యాధికారులు పడిన తంటాలు చదివించే మాట నిజమే. కానీ నేను ఎక్కుదామనుకున్న రైలు అది కాదు. హెమింగ్వే 'ఎ ఫేర్‌వెల్ టు ఆర్మ్స్' కూడా అంతే. మజ్జోరె సరస్సు మీద రాత్రంతా పడవ వేసుకుని ఇటలీ నుంచి స్విట్జర్లాండ్ చేరే ఘట్టం మర్చిపోలేం. అయితే స్విట్జర్లాండ్ అందులో ఊపిరి పీల్చుకునే చోటు మాత్రమే, కథకు ఇరుసు కాదు.

లిస్బన్‌తోనే మొదలుపెడదాం, ఎందుకంటే ఎంపిక కష్టమయ్యేది అక్కడే. రెండో ప్రపంచయుద్ధంలో, 1940లో ఫ్రాన్స్ జర్మనీకి లొంగిపోయాక యూరప్ నుంచి అమెరికాకి ఓడెక్కడానికి మిగిలిన పెద్ద గుమ్మం లిస్బన్. రచయితలు ఆ ఊరి మీద ఎగబడటంలో వింత లేదు. తటస్థత అనేది ఎక్కడో యూరప్ గొడవ అనుకోకండి, మన పక్కనా ఉండేది. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద జపాన్ బాంబులు వేసింది. అప్పుడు గోవా మాత్రం పోర్చుగల్ చేతిలో ఉండటం వల్ల తటస్థ నేల. బ్రిటిష్‌వాళ్లు పట్టుకుంటారన్న భయంతో జర్మన్ ఓడలు మార్మగోవా రేవులో తలదాచుకున్నాయి. 1943 మార్చి 9న కలకత్తా నుంచి వచ్చిన కొందరు మధ్యవయసు బ్రిటిష్ వలంటీర్లు వాటిలో ఎరెన్‌ఫెల్స్ అనే ఓడ మీదికి దొంగచాటుగా ఎక్కి దాడి చేశారు. ఒక దేశం తటస్థతకి విలువ ఎంతవరకో ఆ ఒక్క రాత్రి చెబుతుంది.

లిస్బన్ నవలల్లో పెరీరాకి పోటీ ఎరిక్ మరియా రెమార్క్ 1962లో రాసిన 'ది నైట్ ఇన్ లిస్బన్'. 1942. రేవులో ఒక శరణార్థి అమెరికా వెళ్లే ఓడ వంక చూస్తూ నిలబడతాడు. చేతిలో టికెట్టూ లేదు, వీసా లేదు. ఎవరో అపరిచితుడు వచ్చి రెండు టికెట్లు ఉత్తినే ఇస్తానంటాడు. ఒక్కటే షరతు: తెల్లవారేదాకా తోడుండి తన కథ వినాలి. ఇద్దరూ ఒక బార్ మూసేస్తే ఇంకో బార్‌కి మారుతూ రాత్రి గడుపుతారు. ఇంత బలమైన ఎత్తుగడ నాకు తెలిసి తక్కువ నవలల్లో ఉంది. చచ్చిపోయిన మనిషి పాస్‌పోర్టు ఇంకొకడి పేరవుతుంది, వాడి నుంచి మరొకడికి చేరుతుంది. పాస్‌పోర్టు ఇక్కడ వంశపారంపర్యపు ఆస్తిలాంటిది.

నా గీటురాయి మీద గీస్తే మాత్రం రెమార్క్‌కి సగం మార్కులే. ఆ మనిషి చెప్పే కథ ఎక్కువగా జర్మనీలోనూ ఫ్రాన్సులోనూ జరిగింది. లిస్బన్ అరుగు లాంటిది, కూర్చుని చెప్పుకోవడానికి. భార్యాభర్తల మధ్య ప్రేమ, ఎప్పుడూ పారిపోతూ బతకడంలో ఉండే అలసట కావాలంటే రెమార్క్ చదవండి. ఏమీ జరగనట్టు నటించే దేశంలో మామూలు మనిషికి మెల్లగా సిగ్గు పుట్టడం చూడాలంటే పెరీరా. రెండిట్లో ఒకటే అంటే నేను పెరీరా అంటాను. చిన్న పుస్తకం, ఇంచుమించు 200 పేజీలు. 'పెరీరా మెయింటెయిన్స్', అంటే పెరీరా అలా చెబుతున్నాడు అన్న మాట పదేపదే వస్తుంది, పోలీసు స్టేషన్లో వాంగ్మూలం రాసుకుంటున్నట్టు. ఎవరి ముందు చెబుతున్నాడో, ఎందుకు చెబుతున్నాడో తబూకి చెప్పడు. ఆ చిన్న పలుకుబడితో పుస్తకం పొడుగునా టెన్షన్ నిలబెట్టాడు.

ఇక లిస్బన్‌లోనే మూడోది, రాబర్ట్ విల్సన్ 'ఎ స్మాల్ డెత్ ఇన్ లిస్బన్'. 1999లో గోల్డ్ డాగర్ బహుమతి పొందిన క్రైమ్ నవల. యుద్ధకాలపు కథ ఒక పక్క, కొన్ని దశాబ్దాల తర్వాతి హత్యకేసు ఇంకో పక్క. వుల్ఫ్రమ్, అంటే టంగ్‌స్టన్ ఖనిజం కొనిపించడానికి 1941లో నాజీల ఎస్ఎస్ దళం ఒక జర్మన్ వ్యాపారిని పోర్చుగల్ పంపిస్తుంది. టాంకుల ఉక్కుని చీల్చే గుళ్లకి టంగ్‌స్టన్ కావాలి. పోర్చుగల్ దాన్ని ఇటు బ్రిటన్‌కీ అటు జర్మనీకీ అమ్మింది. అమ్మకం పూర్తిగా ఆపింది 1944 జూన్‌లోనే. తటస్థత వెనక ఉండే బేరసారాలు ఇంత వివరంగా చూపించిన నవల అరుదు, గీటురాయి మీద నూటికి నూరు. కానీ హింస చాలా ఎక్కువ, ఆడవాళ్ల మీద జరిగేది మరీ. ఈ హెచ్చరిక లేకుండా మా పిన్నికి ఇచ్చాను. రెండు వారాల తర్వాత మాటా పలుకూ లేకుండా తెచ్చి టేబుల్ మీద పెట్టి, కాఫీ కూడా తాగకుండా వెళ్లిపోయింది.

స్పెయిన్ దగ్గరికొస్తే పోటీ సూటిగా ఉంటుంది. సి.జె. శాన్సమ్ 'వింటర్ ఇన్ మాడ్రిడ్' (2006), మరియా దుయేన్యాస్ 'ద టైమ్ ఇన్ బిట్వీన్' (స్పానిష్‌లో 2009). రెండూ లావుపాటి పుస్తకాలే, 500 పేజీలు దాటతాయి. రెండింటిలోనూ ఫ్రాంకో ఏలుబడిలోని మాడ్రిడ్, బ్రిటిష్ గూఢచారులు, జర్మన్‌లతో విందులు. స్పెయిన్ తటస్థత వంకరటింకరగా నడిచింది. 1939లో తటస్థం అంది, 1940 జూన్‌లో 'యుద్ధంలో లేని దేశం' అని మాట మార్చి హిట్లర్ వైపు ఒరిగింది, 1941లో రష్యా మీదికి వలంటీర్ సైన్యాన్ని పంపింది, గాలి మారగానే 1943 అక్టోబర్‌లో మళ్లీ తటస్థం అంది. ఫ్రాంకోని యుద్ధంలోకి రానివ్వకుండా ఉంచడమే బ్రిటిష్ ఎంబసీ పని.

శాన్సమ్ కథ సరిగ్గా ఆ 1940లో. ఫ్రాన్స్ తీరంలోని డన్‌కిర్క్‌లో జర్మన్ సైన్యం చుట్టుముడితే బతికి బయటపడ్డ బ్రిటిష్ సైనికుడు హ్యారీ బ్రెట్‌ని అనువాదకుడి ముసుగులో ఎంబసీకి పంపుతారు. పని, స్కూల్లో తనతో చదివిన శాండీ మీద కన్నేసి ఉంచడం. శాండీ మాడ్రిడ్‌లో ఏవో చీకటి వ్యాపారాలు చేస్తున్నాడు. అతనితో ఉంటున్న బార్బరా మాజీ రెడ్‌క్రాస్ నర్సు, అంతర్యుద్ధంలో కనపడకుండా పోయిన తన ప్రియుడి కోసం వెతుకుతోంది. ఆకలితో చలితో వణికే మాడ్రిడ్‌ని శాన్సమ్ బాగా పట్టుకున్నాడు. ఒకవైపు ఎంబసీలో షెర్రీ, ఇంకోవైపు రొట్టె కోసం క్యూ. మంచి చేద్దామనుకున్న మనుషుల చేతుల్లోంచే చెడు జరగడం చూడాలంటే ఇదే సరైనది. అయితే మొదటి 100 పేజీలు నత్తనడక. పాత సంగతులు, స్కూలు రోజులు తెగ తవ్వుతాడు.

దుయేన్యాస్ హీరోయిన్ సీరా కుట్టుపని చేసే పిల్ల. ప్రేమలో మోసపోయి మొరాకోలోని తెతువాన్ చేరుతుంది, అక్కడ బట్టల షాపు పెడుతుంది, తర్వాత మాడ్రిడ్‌లో నాజీ అధికారుల భార్యలకి గౌన్లు కుడుతూ బ్రిటిష్‌వాళ్లకి కబుర్లు చేరవేస్తుంది. ఎలాగంటారా, బట్ట కత్తిరించడానికి గీసుకునే కాగితం నమూనా అంచుల వెంట చిన్న చిన్న గీతలూ చుక్కలూ పెడుతుంది. చూసేవాళ్లకి అవి కుట్టు గుర్తులు, తెలిసినవాళ్లకి మోర్స్ కోడ్. టైలరింగ్ తెలిసినవాళ్లు ఆ పేజీలు ఎంత ఇష్టంగా చదువుతారో! కథలో నిజమైన మనుషులు కూడా తిరుగుతుంటారు: ఫ్రాంకో దగ్గర విదేశాంగ మంత్రిగా చేసిన బేగ్‌బెదేర్, ఇండియాలో కాపురం చేసి వచ్చిన ఆయన ఇంగ్లీషు ప్రియురాలు రోసలిండా ఫాక్స్.

చరిత్ర బరువుగా కావాలా, కథ పరుగెత్తాలా అన్నదే ఇక్కడ తేల్చుకోవాల్సింది. సీరియల్ చూసినట్టు రాత్రి పన్నెండు దాకా పేజీలు తిప్పుకుంటూ పోవాలంటే దుయేన్యాస్. సీరాకి అదృష్టం మరీ ఎక్కువ కలిసొస్తుంది, అది ఓర్చుకోగలగాలి. చదివాక నాలుగు రోజులు మనసు బరువెక్కి ఉండాలంటే శాన్సమ్. నేను రెండోసారి చదివింది శాన్సమ్‌నే.

ఇంతకీ నా గీటురాయి మీద అన్నిటికన్నా మెరిసిన పుస్తకం స్విట్జర్లాండ్‌ది. రోజ్ ట్రెమైన్ 2016లో రాసిన 'ది గుస్టావ్ సొనాటా'. ఇందులో గూఢచారులు లేరు, వెంటపడటాలు లేవు. మాట్స్‌లింగెన్ అనే కల్పిత పట్టణంలో యుద్ధం అయిపోయాక పెరుగుతున్న ఒక చిన్నపిల్లాడు, గుస్టావ్. తల్లి ఎమిలీ చీజ్ తయారుచేసే సహకార సంఘంలో పనిచేస్తుంది, చర్చి తుడిచే పని కూడా చేస్తుంది. పిల్లాడు తల్లికి సాయంగా వెళ్లి, చర్చి నేలలోని ఇనుప జాలీ కింద ఇరుక్కున్న చిన్నచిన్న వస్తువులు ఏరుకుంటాడు. ఒకరోజు బంగారు రంగు గొట్టంలో లిప్‌స్టిక్ దొరుకుతుంది. వాడి జీవితంలో అంత మెరిసే వస్తువు ఇంకొకటి లేదు. తల్లి మాత్రం ఒకటే నేర్పుతుంది: ఏడవకూడదు, నిన్ను నువ్వు పట్టుకోవాలి, స్విట్జర్లాండ్‌లా ఉండాలి. అంటే దేశం పాటించే విదేశాంగ విధానాన్ని ఐదేళ్ల పిల్లాడికి పెంపకంగా మార్చిందన్నమాట. ప్రేమ అడగకూడదు, పక్షం పట్టకూడదు.

రెండో భాగంలో కథ 1937కి వెనక్కి వెళుతుంది. గుస్టావ్ తండ్రి ఎరిష్ పోలీసు అధికారి. 1938 ఆగస్టులో స్విట్జర్లాండ్ యూదు శరణార్థులకి సరిహద్దు మూసేసింది. ఆ తేదీ దాటి వచ్చినవాళ్లని వెనక్కి పంపాలి. ఎరిష్ ముందు కాగితాలు పెట్టుకుని కూర్చుంటాడు. వచ్చిన తేదీ అన్న చోట రాయాల్సిన అంకెలు నాలుగు. అవి ఒక్కటి అటూ ఇటూ మారిస్తే ఎదురుగా కూర్చున్న మనిషి బతుకుతాడు. మారుస్తాడు. ఉద్యోగం పోతుంది. ఆ నష్టం ఇంట్లో ఎవరెవరి మీద ఎలా పడిందో మిగతా కథ.

ఇది గాలిలోంచి పుట్టిన కథ కాదు. సెయింట్ గాలెన్ పోలీసు కమాండర్ పాల్ గ్రూనింగర్ నిజంగా ఇదే పని చేశాడు. 1939లో ఉద్యోగం తీసేశారు, 1940లో శిక్ష వేశారు. 1972లో ఆయన పేదరికంలోనే పోయాడు. ఆ తీర్పుని కోర్టు కొట్టేసింది 1995లో. మన ఆఫీసుల్లో తేదీలు మార్చడమంటే లంచం కోసం చేసే పని, అందుకే ఆ సీను నాకు అంత విచిత్రంగా తోచిందేమో. మంచితనం ఇంత చిన్న ఫోర్జరీలా కనిపించడం ఇంకెక్కడా చదవలేదు. సంగీతం మీద, ఇద్దరు మగపిల్లల జీవితకాలపు స్నేహం మీద కూడా చాలా పేజీలున్నాయి. యుద్ధం నవల కోసమే వచ్చినవాళ్లకి ఆ మూడో భాగం సాగదీసినట్టు అనిపించవచ్చు. నాకు అనిపించలేదు. ఇంగ్లీషు కూడా చాలా తేలిక, చిన్న చిన్న వాక్యాలు.

టర్కీ మీద జుల్ఫు లివనెలి రాసిన 'సెరెనేడ్ ఫర్ నాదియా' ఉంది. 1941 డిసెంబర్‌లో రుమేనియా నుంచి 770 మందికి పైగా జనంతో స్ట్రూమా అనే పాత పడవ ఇస్తాంబుల్ చేరింది, ఇంజిన్ చెడిపోయి. ఎక్కినవాళ్లు దాదాపుగా అందరూ యూదులే. వాళ్లు వెళ్లాలనుకున్న పాలస్తీనాకి, అప్పుడు దాన్ని ఏలుతున్న బ్రిటన్ రానివ్వదు, రేవులో టర్కీ దిగనివ్వదు. రెండు నెలలకు పైగా నగరం కళ్లెదుటే లంగరేసి ఉంచి, 1942 ఫిబ్రవరి 23న నల్లసముద్రంలోకి లాక్కెళ్లి వదిలేశారు. మర్నాడు పొద్దున సోవియట్ సబ్‌మెరైన్ టార్పెడో తగిలి మునిగింది. బతికింది ఒక్కడు. నవల 2001లో మొదలవుతుంది. ముసలి ప్రొఫెసర్ ఒకాయన అమెరికా నుంచి ఇస్తాంబుల్ వచ్చి, గడ్డకట్టే చలిలో నల్లసముద్రం ఒడ్డున నిలబడి వయొలిన్ వాయిస్తాడు. ఎందుకో యూనివర్సిటీ ఉద్యోగిని మాయ తెలుసుకుంటుంది. ఆ సీను కోసమైనా చదవచ్చు. కాకపోతే పాత్రలు మధ్యమధ్యలో చరిత్ర పాఠం అప్పజెబుతున్నట్టు మాట్లాడతాయి. ట్రెమైన్ ఒక తేదీతో చెప్పినదానికి లివనెలి పది పేజీలు తీసుకుంటాడు. రెండింటిలోనూ మూసిన తలుపే కథ. నిశ్శబ్దం నచ్చేవాళ్లకి ట్రెమైన్, ఏం జరిగిందో పూసగుచ్చినట్టు చెబితే నచ్చేవాళ్లకి లివనెలి.

ఐర్లాండ్ గురించి ఎక్కువ చెప్పను. అక్కడ రెండో ప్రపంచయుద్ధాన్ని 'ది ఎమర్జెన్సీ' అని పిలిచారు. మనకి ఆ మాట వినగానే 1975 గుర్తొస్తుంది కాబట్టి మొదటి కొన్ని పేజీలు తికమక తప్పదు. జో జాయిస్ 'ఎకోలాండ్' 1940 నాటి డబ్లిన్‌లో సైనిక నిఘా విభాగం కుర్ర లెఫ్టినెంట్ కథ. జర్మన్‌లు దిగుతారా, బ్రిటిష్‌వాళ్లు తిరిగొస్తారా అన్న భయం రెండు వైపుల నుంచీ. బ్రిటన్ నుంచి కొత్తగా విడిపోయిన దేశం బ్రిటన్ పక్షాన నిలబడటానికి ఎందుకు ఇష్టపడలేదో మనవాళ్లకి విడమరిచి చెప్పక్కర్లేదు. సాదాసీదా గూఢచారి కథ, ప్రయాణంలో బాగుంటుంది.

స్వీడన్‌కి వస్తే పెద్దలకి పెర్ ఊలోవ్ ఎన్‌క్విస్ట్ 1968లో రాసిన 'ది లెజియనేర్స్' ఉంది. జర్మన్ యూనిఫాంలో పోరాడి స్వీడన్‌లో తలదాచుకున్న 146 మంది బాల్టిక్ (లాత్వియా, ఎస్తోనియా, లిథువేనియా) సైనికుల్ని 1946 జనవరిలో సోవియట్‌కి అప్పగించిన ఉదంతం. కాగితాలు, సాక్ష్యాలు తిరగేస్తూ నడిచే డాక్యుమెంటరీ నవల. కథ కోసం వచ్చేవాళ్లు దీని జోలికి వెళ్లకండి. కోర్టు తీర్పులు ఆసక్తిగా చదివేవాళ్లు మాత్రం వదలకండి.

ఇంట్లో పదీ పన్నెండేళ్ల పిల్లలుంటే అన్నికా థోర్ 'ఎ ఫార్అవే ఐలండ్' కొనండి. 1939లో వియన్నా నుంచి ఇద్దరు యూదు అక్కచెల్లెళ్లు, స్టెఫీ, నెల్లీ, స్వీడన్‌లో ఒక చేపల వేట దీవికి వస్తారు. ఇద్దర్నీ వేర్వేరు ఇళ్లలో పెడతారు. చెల్లికి దొరికినావిడ ప్రేమగా చూసుకుంటుంది, అక్కకి దొరికిన ఆంటీ మార్తా ముఖంలో నవ్వుండదు. రక్తపాతం ఎక్కడా కనపడదు, ఉత్తరాలు మాత్రం వస్తుంటాయి. అమ్మానాన్నా ఆరునెలల్లో వచ్చేస్తారని, అందరూ కలిసి అమెరికా వెళ్తామని అక్క చెల్లెలికి మాటిస్తుంది. మా అక్క కూతురికి ఇస్తే రెండు రోజుల్లో చదివేసింది. ఇది నాలుగు భాగాల వరసలో మొదటిదని చెప్పాను, సంతోషిస్తుందనుకుని. అట్ట వంక చూస్తూ కాసేపు ఊరుకుని, "ఇంకా మూడున్నాయా? అయితే అమ్మావాళ్లు రాలేదన్నమాట" అంది.